కంప్యూటరు చదువులో ధర్మము: అంచా, పేకా?



మన సంఘ కార్యవర్గము విద్యార్థి వేతనముల నిధిని గూర్చి ఆలోచించుటకై గత మాసమున సమావేశమైనది. దరఖాస్తు పెట్టుకొన్న మన షోలాపురపు తెలుగు బిడ్డలలో పెక్కుమంది కంప్యూటరు శాస్త్రమునో, కృత్రిమ మేధ అను దాని క్రొత్త శాఖనో చదువుచున్నవారు. మగ్గముపై బ్రతికిన తాతల మనుమలు, బీడీలు చుట్టి కాపురములు నిలిపిన తల్లుల కుమార్తెలు ఈ విద్యను అభ్యసించుట మనకందరకు గర్వకారణమే. ఆ సమావేశమున మేమొక చిన్న ప్రతిపాదన చేసితిమి. వేతనము పొందు ప్రతి విద్యార్థియు చివరి సంవత్సరమున తాను నిర్మించు ప్రాజెక్టును గూర్చి రెండు పుటలు తెలుగున వ్రాసి సంఘమునకు ఈయవలెను. అందు మూడు ప్రశ్నలకు జవాబుండవలెను. ఇది ఎవరికి మేలు చేయును? తప్పు చేసినచో దెబ్బ ఎవరిపై పడును? దీనికి నేర్పిన సమాచారములో ఎవరి ఊసు లేదు? అంతమాత్రమే.

పెద్దలు కొందరు నవ్విరి. "నీతి తల్లి ఒడిలో నేర్చునది, కళాశాలలో కాదు" అని ఒకరనిరి. "అది అమెరికావారి తలనొప్పి, మనకేల?" అని మరియొకరనిరి. "ముందు ఉద్యోగము రానిండు, ధర్మము తరువాత చూచుకొందురు" అని మూడవ వారనిరి. తీర్మానము వార్షిక సభకు వాయిదా పడినది. నూలు వర్తకము చేసికొనుచు మెట్రిక్‌తో చదువు చాలించిన మేము ఈ విషయమున పండితులము కాము. అయినను ఆ మూడు మాటలును తప్పని మా నిశ్చితాభిప్రాయము. ఏల తప్పో ఈ పత్రిక ముఖమున సంఘ సభ్యులకందరకు మనవి చేయదలచితిమి.

ముందుగా ఒక మాట. ఆ ప్రశ్నలు మా బుర్రలో పుట్టినవి కావు. కంప్యూటరు విద్యను బోధించిన గురువులే అట్టివానిని మొదట అడిగిరి. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఆచార్యుడైన జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో 'ఎలైజా' అను ప్రోగ్రామును ప్రకటించెను. మనము టైపు చేసిన మాటలనే కొంచెము త్రిప్పి ప్రశ్నగా మరల అడుగుటయే దాని పని. అర్థము చేసికొను శక్తి దానికి లేదు. అయినను జనులు దానికి తమ గుట్టు విప్పి చెప్పుకొనసాగిరి. దాని లోగుట్టు ఎరిగిన ఆయన కార్యదర్శినియే, తాను దానితో ముచ్చటించుచుండగా గది వెలుపలికి పొమ్మని ఆయనను కోరెనట. బెర్లినులో పుట్టి, హిట్లరు ఏలుబడిలో బాల్యముననే కుటుంబముతో దేశము విడిచి వచ్చిన ఆ ఆచార్యుడు అది చూచి ఉలిక్కిపడెను. యంత్రముచే చేయింపగల పనులన్నియు దానిచే చేయింపదగినవి కావని 1976లో ఒక గ్రంథము వ్రాసి వాదించెను. నాటి తోటి శాస్త్రజ్ఞులలో పలువురకు ఆ మాట రుచింపలేదు.

వైజెన్‌బామ్ గ్రంథము వ్రాసి హెచ్చరించెను. ఆ హెచ్చరికను తరగతి గదిలోనికి తెచ్చి పాఠముగా మలచినవారిలో ముఖ్యురాలు హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు బార్బరా గ్రోస్. ఈమె కంప్యూటరు తెలియని నీతిబోధకురాలు కాదు. 1977లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, 1986లో హార్వర్డు చేరిరి. ఇద్దరు మనుష్యులు మాటలాడుకొనునపుడు 'అది', 'వాడు', 'అక్కడ' అను చిన్న మాటలు దేనిని ఉద్దేశించుచున్నవో వినువారెట్లు గ్రహింతురు, యంత్రమునకు దానినెట్లు నేర్పవలెను అనునది ఆమె పరిశోధన. మన పొరుగున పుణెలో జన్మించి పెన్సిల్వేనియాలో ఆచార్యుడైన అరవింద జోషితోను, స్కాట్ వైన్‌స్టీన్‌తోను కలిసి 1995లో ఆమె ప్రకటించిన సిద్ధాంతము ఆ శాస్త్రమున నేటికిని ప్రసిద్ధము. 1993 మొదలు 1995 వరకు అమెరికా కృత్రిమ మేధా శాస్త్రజ్ఞుల సంఘమునకు ఆమె అధ్యక్షురాలు. ఇట్టి వ్యక్తి మాటను తెలిసీ తెలియని మాట అనుటకు వీలు లేదు.

ఆమె చేసిన పని యేమి? 2017లో అలిసన్ సిమన్స్ అను తత్త్వశాస్త్ర ఆచార్యురాలితో కలిసి 'ఎంబెడెడ్ ఎథిక్స్' అను బోధనా పద్ధతిని హార్వర్డులో ఆరంభించిరి. నీతిశాస్త్రమునకు వేరుగా ఒక పరీక్షాపత్రము పెట్టి చేతులు దులుపుకొనలేదు. ఉన్న కంప్యూటరు పాఠములలోనే ధర్మవిచారమును చేర్చిరి. తత్త్వశాస్త్ర పరిశోధకుడొకడు ఆ కంప్యూటరు ఉపాధ్యాయునితో కలిసి, ఆ పాఠమునకే సంబంధించిన ఒక నైతిక సమస్యను తీసికొని తరగతి నడపును. దానిపై విద్యార్థులు ఇంటిపని కూడ చేయవలెను. సమాచార సంచయములను గూర్చిన పాఠము వచ్చినపుడు, ఒకరి గుట్టును మరియొకరు దాచు బాధ్యత ఎట్టిదని విచారింతురు. యంత్రమునకు అనుభవము నేర్పు పాఠము వచ్చినపుడు, పాత అన్యాయమును యంత్రము ఎట్లు వల్లించునో చూతురు. జనులు వాడు తెరల నిర్మాణమును నేర్చునపుడు, చూపు లేనివారు, చేతులు ఆడనివారు దానిని ఎట్లు వాడుకొందురని యోచింతురు. ఈ పద్ధతిని గూర్చి ఆమెయు సహచరులును 2019లో కంప్యూటరు శాస్త్రజ్ఞుల ప్రధాన పత్రికయందు వివరముగా వ్రాసిరి. స్టాన్‌ఫర్డు, టొరంటో విశ్వవిద్యాలయములు తమ తమ రీతిని ఇట్టి బోధనను చేపట్టినవి.

ఇందలి కిటుకు నేతపనివారి బిడ్డలకు వేరుగా చెప్పనక్కరలేదు. మన షోలాపురపు చద్దరుపైనున్న పువ్వో నెమలియో అద్దకము కాదు, కుట్టుపని కాదు. పడుగు పేకల కలయికలోనే అది నేయబడును. కావుననే ఎన్ని ఉతుకులు ఉతికినను చెరగదు. చౌకబారు దుప్పటికి తరువాత కుట్టిన అంచో, మొదటి ఉతుకులోనే ఊడి చేతికి వచ్చును. మన ఇంజనీరింగు కళాశాలలలో మానవ విలువల పేరిట ఒక ప్రత్యేక పాఠ్యాంశము కలదు. మంచిదే. అయితే ఆ పాఠమున సత్యము, అహింస, సామరస్యము అని వ్రాసి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి, మరునాడు బ్యాంకు అప్పుల దరఖాస్తులు వడపోయు ప్రోగ్రాము వ్రాయునపుడు ఆ రెంటికిని సంబంధమున్నదని తలచునా? తలచడు. అవి వేరు పుస్తకములు, వేరు గంటలు, వేరు గురువులు. అదే కుట్టిన అంచు. గ్రోస్ నేసినది పేక.

ఇక పెద్దల మొదటి మాటకు వత్తము. నీతి తల్లి ఒడిలో నేర్తుమనుట నిజమే. అబద్ధమాడరాదని, పరుల సొమ్ము ముట్టరాదని మా తల్లి నేర్పినది. కాని త్రాసు ముల్లు ఎక్కడ తప్పునో ఆమె నేర్పలేదు, నేర్పజాలదు. తప్పుడు త్రాసు తెలియక వాడిన వర్తకుడు ఎంతటి ధర్మాత్ముడైనను దినదినము గిరాకీని దోచుకొనుచునే యుండును. ఈ సంగతి ఎరిగియే ప్రభుత్వము వర్తకుని మంచితనముపై భారము వేయలేదు. 1956లో తూనికల ప్రమాణములకు చట్టము చేసి, సేర్లు తులముల స్థానమున కిలోలు గ్రాములు తెచ్చినది. నేటికిని 2009 నాటి చట్టము క్రింద అధికారి వచ్చి మా త్రాసును పరీక్షించి ముద్ర వేయును. మా తల్లిని అవమానించినట్లు మేమెన్నడు తలపలేదు.

మన బిడ్డలు నిర్మించుచున్నవి త్రాసులే. అవి నూలును గాక మనుష్యులను తూచును. వీనికి అప్పు ఈయవచ్చునా, ఈమెకు ఉద్యోగము ఈయవచ్చునా, ఈ ముఖము ఎవరిది అని తీర్పు చెప్పును. ఆ త్రాసు తప్పిన తీరు వినుడు. ఎం.ఐ.టి.లో విద్యార్థినిగా నుండి జాయ్ బులామ్విని ఆరంభించిన పరిశోధనను, టిమ్నిట్ గెబ్రుతో కలిసి 2018లో ప్రకటించిరి. ముఖచిత్రమును చూచి స్త్రీయో పురుషుడో చెప్పు మూడు పెద్ద సంస్థల ప్రోగ్రాములను 1,270 చిత్రములతో వారు పరీక్షించిరి. తెల్లని పురుషుల విషయమున తప్పులు 0.8 శాతమును మించలేదు. నల్లని స్త్రీల విషయమున అవి 34.7 శాతము వరకు పోయినవి. కారణము వెదుక దూరము పోనక్కరలేదు. ఇట్టి యంత్రములను పరీక్షించుటకు వాడుచుండిన రెండు ప్రసిద్ధ చిత్ర సంచయములలో తెల్లనివారి చిత్రములే ఒకదానియందు 79.6 శాతము, వేరొకదానియందు 86.2 శాతము. తూకపురాయియే తప్పు! ఆ ప్రోగ్రాములు వ్రాసినవారు దుర్మార్గులా? తల్లులు వారికి నీతి నేర్పలేదా? నేర్పియే యుందురు. "ఇందు ఎవరు లేరు?" అను ప్రశ్నను పాఠము చెప్పిన గురువు నేర్పలేదు.

అమెజాను సంస్థ 2014 నుండి ఉద్యోగ దరఖాస్తులను ఎంచు యంత్రమొకటి తయారు చేయించినది. పూర్వము చేరినవారిలో పురుషులే అధికులగుటచే, వారి దరఖాస్తులను చూచి నేర్చుకొన్న ఆ యంత్రము స్త్రీల ఊసున్న దరఖాస్తులకు తక్కువ మార్కులు వేసినది. ఆ సంస్థ దానిని విరమించుకొన్నదని 2018లో రాయిటర్సు వెల్లడించెను. మన కుమార్తెలు దరఖాస్తులు పంపుచున్నది ఇట్టి త్రాసుల ముందునకే.

"అమెరికావారి తలనొప్పి" అను రెండవ మాట మరింత విచారకరము. తెలంగాణములో 'సమగ్ర వేదిక' అను పద్ధతి కలదు. వేర్వేరు ప్రభుత్వ శాఖల పట్టికలలోని పేర్లను, చిరునామాలను యంత్రము పోల్చి, ఎవరికి ఏమి ఆస్తి కలదో జతపరచును. 2014 మొదలు 2019 వరకు అచట రద్దైన ఆహార భద్రతా కార్డులు 18 లక్షలకు పైబడినవని పత్రికలు ప్రకటించినవి. అన్నియు యంత్రము తప్పులని మేమనము. కాని రిక్షా తొక్కుకొను పేదవానిని, పేరు పోలికచే కారు యజమానిగా లెక్కించి అతని ఇంటి బియ్యము నిలిపిన ఉదంతము కూడ వెలుగులోనికి వచ్చినది. ఆ రద్దైన కార్డులను ఇంటింటికి పోయి తిరిగి విచారింపుడని 2022లో సుప్రీంకోర్టు ఆదేశింపవలసి వచ్చినది. మన తెలుగువారిలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు వీధికి నలుగురుందురు. ఆ పోలిక ప్రోగ్రాము వ్రాయు యువకునికి ఈ సంగతి తోచకపోయినచో, కంచములో మెతుకు పోవునది ఎవరికి? మన పేటలోనే, జీవితమంతయు బీడీలు చుట్టి వేలిముద్రలు అరిగిన ఒక ముదుసలి రేషను యంత్రము ముందు నాలుగు మారులు వ్రేలు పెట్టి, తుడిచి, మరల పెట్టి, ఉత్త సంచితో ఇల్లు చేరుట మేము కన్నులార చూచితిమి. ఆమె చేసిన నేరమెల్ల చేతులరుగ పనిచేయుటయే.

ఇక మన భాష మాట. కంప్యూటరు ఆంగ్లాక్షరమును ఒక బైటులో దాచుకొనును. తెలుగు లిపి సంకేతమునకు వాడుకలోనున్న పద్ధతిలో మూడు బైట్లు కావలెను. 'మదర్' అను ఆంగ్లపదము ఆరు బైట్లలో ఇమిడిపోగా మన 'అమ్మ'కు పన్నెండు పట్టును. మాటలాడు యంత్రములు వచ్చిన తరువాత ఈ తేడా సొమ్ముగా మారినది. అవి వాక్యమును ముక్కలుగా కోసి, ముక్కకింత అని రుసుము లెక్కించును. 2024 మే మాసమున ఓపెన్‌ఏఐ సంస్థ తానే ఒక పోలిక ప్రకటించినది. ఒకే పలకరింపు మాటలకు ఆంగ్లమున 27 ముక్కలు కాగా, తెలుగున 159! మరాఠీకి 96. ఒకే సరకునకు ఆంగ్లము వాడు ఒక రూపాయి ఇచ్చు చోట తెలుగు వాడు దాదాపు ఆరు రూపాయలు ఈయవలసి యుండెనన్నమాట. మా అంగడిలో ఇట్టి తూకము పట్టుబడినచో మాకు జరిమానా తప్పదు. చూడదగిన విషయమేమనగా, అదే ప్రకటనలో, క్రొత్త కోత పద్ధతిచే తెలుగు ముక్కలు 45కు దిగినవనియు, ఆంగ్లమునకు 24 అనియు ఉన్నది. అనగా ఆ ఆరు రెట్ల భారము దైవనిర్ణయము కాదు, మన లిపి దోషము కాదు. ఎవరో పట్టించుకొనలేదు, పిదప ఎవరో పట్టించుకొనిరి. ఇంకను ఇంచుమించు రెండింతలున్నది. దానిని పట్టించుకొనువాడు మన బిడ్డయే ఏల కారాదు?

మరాఠీ మాటలు కలిసిన మా షోలాపురపు తెలుగులో మా తల్లి దూరవాణి యంత్రముతో మాటలాడగా, అది ఏవేవో వ్రాసి చూపినది. ఆమె నవ్వి, "నా తెలుగు దీనికి రాదురా" అన్నది. మేము నవ్వలేకపోతిమి. హొసూరులో, బళ్ళారిలో, బరంపురములో, యానాములో తరతరములుగా పలుకబడుచున్న తెలుగుల సంగతి తలచుకొంటిమి. యంత్రము వ్రాతలను చూచి నేర్చును. పలుకుబడిలోనుండి పుస్తకమునకెక్కని తెలుగు దానికి లేనట్టిదే. సరిహద్దుల కావలనున్న మనమే ఈ ప్రశ్న అడుగకున్నచో మన కొరకు వేరెవ్వరు అడుగుదురు?

మూడవది, ఉద్యోగము ముందు అను మాట. ఆకలి ఎరిగినవారము గనుక దీనిని మేము తేలికగా కొట్టివేయము. రెండు పుటలు వ్రాసినంత మాత్రమున ఉద్యోగము పోదు. పైపెచ్చు, తన పనిలోని లోపమును తానే ముందుగా చూడగల నేతగాని గుడ్డకే బజారున మాట యుండును. బులామ్విని నాడు విద్యార్థిని మాత్రమే. ఆమె పరిశోధన వెలువడిన పిదప పెద్ద సంస్థలు తమ ప్రోగ్రాములను దిద్దుకొన్నవి. వారు పరీక్షించిన మూడింటిలో ఒకటైన ఐ.బి.ఎం. 2020లో సామాన్యావసరముల ముఖపరీక్షా వ్యాపారమునే మానుకొనుచున్నట్లు ప్రకటించినది. ఒక విద్యార్థిని ప్రశ్నకు అంత బలమున్నది.

ఇంకొక వంక మేము నిజము దాచరాదు. ప్రశ్న అడిగినవారికి కష్టము రాదని మేము చెప్పజాలము. బులామ్వినితో కలిసి పనిచేసిన టిమ్నిట్ గెబ్రు, పెద్ద భాషాయంత్రముల ప్రమాదములను గూర్చి వ్రాసిన వ్యాసముపై వచ్చిన వివాదమున 2020 డిసెంబరులో గూగుల్ సంస్థకు దూరము కావలసి వచ్చినది. ఆమెను తొలగించిరని ఆమెయు, రాజీనామా చేసెనని సంస్థయు చెప్పిరి. ఒక గంట పాఠముతో లోకము బాగుపడదని దీనివలన తెలియుచున్నది. అయితే దానికి విరుగుడు పాఠము మానుట కాదు. ప్రశ్నించు బిడ్డ ఒంటరిగా నిలువకుండ, ఆమె వెనుక ఇల్లు, సంఘము నిలుచుట. సంఘములు పెట్టుకొన్నది మరి దేనికి? సన్మానములకు శాలువలు కొనుటకేనా?

కావున వార్షిక సభకు రాబోవు సభ్యులకు మా మనవి ఇది. మొదటిది, ఆ రెండు పుటల నియమమును ఆమోదింపుడు. హార్వర్డువలె తత్త్వశాస్త్రజ్ఞులను తరగతికి పంపుట మన తాహతుకు మించినది. విద్యార్థి తన ప్రాజెక్టుపై తానే మూడు ప్రశ్నలు వేసికొనుట మన చేతిలోనిది. రెండవది, మన తెలుగు బడులలో పనిచేసి విశ్రాంతి పొందిన ఉపాధ్యాయులు ఆ వ్రాతలను చదివి, అర్థము కాని చోట విద్యార్థిని పిలిచి అడుగవలెను. బైటు అననేమో తెలియని మాష్టారికి అర్థమగునట్లు తెలుగున చెప్పలేని పనిని ఆ విద్యార్థియు పూర్తిగా అర్థము చేసికొనలేదని మా అనుమానము. మూడవది, ఎంపికైన వ్రాతలను ఈ పత్రికయందు ప్రకటింపవలెను. ఉత్తమమైనదానికి ఏటేట అయిదు వేల రూపాయలు మా అంగడి తరఫున ఇచ్చుటకు ఇందుమూలముగా మాట ఇచ్చుచున్నాము.

తల్లిదండ్రులారా, సెలవులకు బిడ్డ ఇంటికి వచ్చినపుడు జీతమెంత వచ్చునని అడుగుడు, తప్పు లేదు. దానితోపాటు, "నీవు చేయుచున్న త్రాసు మన అవ్వను సరిగా తూచునా?" అని కూడ అడుగుడు. జవాబు వెంటనే రాకపోయినను చింత లేదు. ఆ ప్రశ్నతో వాడు మరల కళాశాలకు పోయిన చాలును. వార్షిక సభలో ఈ తీర్మానమునకు చేయెత్తుడని మిమ్ముల నందరను కోరుచు సెలవు తీసికొనుచున్నాము.